ఒక బకెట్ నీళ్లు, ఒక నెల వెలుగు

2024 డిసెంబరు ఆఖర్లో మా పెద్దమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. హాస్టల్లో సీటు రాకపోతే విద్యానగర్ దగ్గర ఒక ఇంటి రెండో అంతస్తులో ఇంకో ముగ్గురితో కలిసి గది తీసుకుంది. నలుగురూ మన పిల్లలే. ఒకమ్మాయిది ఉట్నూరు వైపు గోండు గూడెం. ఒకమ్మాయిది మహబూబాబాద్ దగ్గర తండా. ఇంకొకమ్మాయిది తాడ్వాయి అవతల కోయగూడెం.

"అమ్మా, ఈ నెల కరెంటు 196 యూనిట్లు కాలిందంట. 1,960 రూపాయలు కట్టమంటున్నారు" అంది.

ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లకి సబ్ మీటర్లు పెట్టారు. యూనిట్‌కి 10 రూపాయల లెక్కన ఓనరమ్మ వసూలు చేస్తుంది. తలా 490 రూపాయలు. అది కూడా కాదు మా అమ్మాయి బాధ. కాసేపు ఆగి చెప్పింది. "మీ ఊళ్లల్లో కరెంటు ఎరగరేమో, ఇక్కడికొచ్చి ఇష్టమొచ్చినట్టు కాలుస్తున్నారు అంది అమ్మా. మెట్ల దగ్గర, అందరూ వింటుంటే."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. కానీ నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది. "సరేలే బిడ్డా, లైట్లు తగ్గించుకోండి. అవసరం లేనప్పుడు ఆపేయండి" అన్నాను. ఇరవై ఏళ్లుగా బడిలో పిల్లలకు చెప్తున్న మాట అది. ఏటా గోడ మీద రంగులతో రాయిస్తున్న మాట. ఆలోచించకుండానే వచ్చేసింది.

ఆ మాట ఎంత పని చేసిందో నాకు వారం తర్వాత తెలిసింది.

జనవరి మొదటి శనివారం బడి అయ్యాక కొత్తగూడెంలో బస్సెక్కాను. వాళ్ల ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటింది. మెట్లెక్కుతుంటే మొదటి అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య మలుపులో మా అమ్మాయి కూర్చుని ఉంది. చలికి దుప్పటి కప్పుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, గోడకున్న చిన్న బల్బు కింద చదువుకుంటోంది.

"ఇక్కడెందుకు కూర్చున్నావే?"

"గదిలో లైటు వేస్తే మన మీటరు తిరుగుతది. ఇది మెట్ల లైటు కదా, ఓనరోళ్లది."

నేను చెప్పిన పొదుపు అక్కడ కూర్చుని ఉంది, మెట్ల మీద, చలిలో. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టక మా గూడెం గుర్తొచ్చింది. మేం కోయలం. మాది పాల్వంచకు కొంత దూరంలో ఉన్న గూడెం. నా చిన్నప్పుడు మా ఇళ్లల్లో కరెంటు లేదు. కిరోసిన్ బుడ్డి దగ్గర నేనూ మా అన్నా ఎదురెదురుగా కూర్చుని చదివేవాళ్లం. వత్తి పెద్దది చేస్తే నాయనమ్మ వచ్చి తగ్గించేది. రాత్రి చేలో మంచె ఎక్కితే దూరంగా పాల్వంచ పవర్ స్టేషన్ దీపాలు వరసగా కనపడేవి. పగలు చూస్తే చిమ్నీలు, నడుము సన్నగా ఉన్న బానల్లాంటి కూలింగ్ టవర్లు. అక్కడ కరెంటు తయారవుతుందని మాకు తెలుసు. ఎలా తయారవుతుందో, ఎక్కడికి పోతుందో తెలియదు. నేను ఏడో తరగతిలో ఉండగా మా గూడేనికి స్తంభాలొచ్చాయి. మొదటి రోజు బల్బు వెలిగినప్పుడు నాయనమ్మ చీర కొంగు అడ్డం పెట్టుకుంది, కళ్లు తట్టుకోలేక.

తర్వాత టీటీసీ చదివాను, డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. విద్యుత్ పొదుపు పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కానీ ఒక్కసారి కూడా మీటరు దగ్గర నిలబడి, ఏ వస్తువు ఎంత తింటుందో చూడలేదు. లైటు కంటికి కనపడుతుంది కాబట్టి లైటు ఆపమని చెప్పాను. కంటికి కనపడనిది ఎంత కాలుతుందో నాకే తెలియదు.

తెల్లారి ఆదివారం. టీ తాగాక నలుగురినీ కూర్చోబెట్టి, "ఇవాళ మనం మీటరు చదువుదాం. ఒక నోటుబుక్కు తెండి" అన్నాను.

సబ్ మీటరు మెట్ల పక్కనే, గది తలుపుకి ఎడంగా ఉంది. దాని మీద చిన్న ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. పక్కన 3200 అని అంకె రాసి ఉంది. అంటే ఆ ఎర్ర దీపం 3,200 సార్లు మినుకుమంటే ఒక యూనిట్. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్ అని పుస్తకంలో చదువుకుంటాం. అది కంటికి కనపడేలా చేసేది ఈ దీపమే. మీ గది మీటరు మీద ఈ అంకె వేరే ఉండొచ్చు. కొన్నిటి మీద 1600 ఉంటుంది, కొన్నిటి మీద 6400 ఉంటుంది. ఏదున్నా లెక్క ఒకటే.

గదిలో ఒక్కో వస్తువునే వేసి, మిగతావన్నీ ఆపి, ఫోన్‌లో టైమ్ పెట్టుకుని మినుకులు లెక్కపెట్టాం. తండా అమ్మాయి గదిలో స్విచ్చులు వేసేది. ఉట్నూరు అమ్మాయి మీటరు ముందు నిలబడి లెక్కపెట్టేది. మా అమ్మాయి రాసేది.

పాత సీలింగ్ ఫ్యాన్: నిమిషానికి 4 మినుకులు. అంటే 75 వాట్లు. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు: మూడు నిమిషాలకు 8. అంటే చోక్‌తో కలిపి 50 వాట్లు. ఇండక్షన్ స్టవ్: నిమిషానికి 64. నేను మా ఊరి నుంచి తీసుకెళ్లిన 9 వాట్ల ఎల్ఈడీ బల్బు పెట్టి చూస్తే, ఉట్నూరు అమ్మాయి చూసి చూసి విసుక్కుంది. పది నిమిషాలకు అయిదుసార్లు మినుకుమంది.

తర్వాత హీటర్ రాడ్ బకెట్లో పెట్టి స్విచ్చి వేశాం. ఎర్ర దీపం పిచ్చిపట్టినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. లెక్కపెడుతున్న అమ్మాయికి నాలుక తడబడి నవ్వొచ్చేసింది. మూడోసారికి లెక్క కుదిరింది. నిమిషానికి 80. అంటే 1,500 వాట్లు.

"ఒక్కొక్కరూ బకెట్‌కి ఎంతసేపు పెడతారు?" అని అడిగాను.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొద్దున లేచి రాడ్ వేస్తారు. వేసి మళ్లీ పడుకుంటారు, లేదా ఫోన్ చూసుకుంటారు. పొగలు వచ్చాక తీస్తారు. సుమారు 40 నిమిషాలు అని తేలింది. 1,500 వాట్లు 40 నిమిషాలు అంటే సరిగ్గా ఒక యూనిట్. నలుగురికీ రోజుకు 4, నెలకు 120.

ఆ రోజు నోటుబుక్కులో రాసిన లెక్క ఇది. హీటర్ రాడ్ 120. ఇండక్షన్ స్టవ్ రోజుకు ఒకటి చొప్పున 30. రెండు ట్యూబ్‌లైట్లు రోజుకు ఏడు గంటలు వెలిగితే 21. చలికాలమైనా దోమల కోసం రాత్రి ఆరు గంటలు తిప్పే ఫ్యాన్ పదమూడున్నర. నాలుగు ఫోన్లు, ఒక పాత ల్యాప్‌టాప్ కలిపి 8. మొత్తం నూటతొంభై రెండున్నర.

మా అమ్మాయి ఆ కాగితం చాలాసేపు చూసింది. నేను ఇంకో లెక్క వేయమన్నాను. 9 వాట్ల బల్బు కింద రోజూ నాలుగు గంటలు, నెలంతా చదివితే ఎంత? వేసి చూసింది. ఒక యూనిట్ మీద కొంచెం. 10, 11 రూపాయలు.

"అంటే..." అని ఆగిపోయింది.

అంటే అంతే. ఒకరు ఒక్క పూట బకెట్లో రాడ్ పెట్టి మరిచిపోతే కాలేది ఒక యూనిట్. ఒకరు నెలంతా చదువుకుంటే కాలేది కూడా ఒక యూనిట్. మా అమ్మాయి ఆ ఒక్క యూనిట్ మిగల్చడానికి వారం రోజులుగా మెట్ల మీద చలిలో కూర్చుంది. పొద్దున లేచి నలుగురితో పాటు నాలుగు యూనిట్లు నీళ్లలో పోసింది. తప్పు తనది కాదు. లైట్లు ఆపమని చెప్పింది నేను.

ఇంకొకటి మిగిలింది. 196లో నూటతొంభై రెండున్నర పోతే మూడున్నర యూనిట్లు ఎక్కడ పోయాయి? చిన్నదే కదా వదిలేద్దాం అన్నాను. ఉట్నూరు అమ్మాయి వదల్లేదు. గదిలో ఉన్న స్విచ్చులన్నీ ఆపించింది. ప్లగ్గులు కూడా పీకించింది. ఫోన్ చార్జర్ సహా ఏదీ లేదు. మీటరు ముందుకెళ్లి నిలబడింది. పగలు కాబట్టి ఎర్ర దీపం కదల్లేదు. మెట్ల మలుపులో ఉన్న లైటు స్విచ్చి వేసి వచ్చి మళ్లీ నిలబడింది. రెండు నిమిషాలకు ఎర్ర దీపం మినుకుమంది. ఇంకో రెండు నిమిషాలకు మళ్లీ.

మెట్ల లైటు ఓనరోళ్లది కాదు. ఎప్పుడో వైరింగ్ చేసినప్పుడు ఈ గది మీటరుకే కలిపేశారు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా వెలిగే 9 వాట్ల బల్బు. నెలకు మూడు యూనిట్ల పైన. మా అమ్మాయి పరాయి వెలుగు అనుకుని కూర్చున్న వెలుగు తను డబ్బు కట్టిన వెలుగే. నలుగురూ పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఉట్నూరు అమ్మాయి ఒక మాట అడిగింది. ఈ వ్యాసం రాయడానికి ఆ మాటే కారణం.

"ఆంటీ, డిసెంబరు 14న మా కాలేజీలో ఇంధన పొదుపు దినం జరిపారు. సెమినార్ హాల్లో ఎనిమిది ఏసీలు పెట్టారు. పట్టపగలు కర్టెన్లు వేసి లైట్లన్నీ వేశారు. రెండు గంటలు మాట్లాడారు. ఫోన్ చార్జింగ్ అయ్యాక ప్లగ్గు తీసేయండి, లైట్లు ఆపేయండి అని మాకు చెప్పారు. మా తాత చనిపోయేదాకా మా గూడెంలో కరెంటు లేదు. మా ఇంట్లో ఇప్పటికీ రెండు బల్బులు, ఒక ఫ్యాన్. పొదుపు పాఠం మాకెందుకు చెప్తున్నారు? కాల్చింది మేం కాదు కదా?"

టీచర్ని కాబట్టి వెంటనే జవాబు చెప్పే అలవాటు నాది. ఆ రోజు ఆ అలవాటు పనికిరాలేదు. ముందు ఆమె చెప్పిన దానికి లెక్క వేద్దాం అన్నాను. ఒక పెద్ద ఏసీ గంటకు సుమారు యూనిట్టున్నర. ఎనిమిది ఏసీలు, రెండు గంటలు: 24 యూనిట్లు. ఒక విద్యార్థి బల్బు కింద దాదాపు రెండేళ్లు చదువుకునే కరెంటు. ఫోన్ సంగతీ చూశాం. ఒక ఫోన్ నిండా చార్జింగ్ చేయడానికి పట్టేది యూనిట్లో యాభయ్యో వంతు. ఖాళీ చార్జర్ ప్లగ్గులో ఉంటే పోయేది అంతకంటే ఎంతో తక్కువ. తీసేస్తే మంచిదే. కానీ పొదుపంటే చార్జర్ పీకడమే అనుకుంటే మాత్రం మోసపోయినట్టే.

ఇంకో లెక్క. మన దేశంలో ఫ్యాక్టరీలు, వ్యవసాయం, ఇళ్లు అన్నీ కలిపి తలసరిన ఏడాదికి 1,300 యూనిట్లకు పైగా వాడతారు. ఈ గదిలో ఒక్కొక్కరు నెలకు 49, ఏడాదికి 588. ఓనరమ్మ తిట్టిన ఆ నెల వాడకం కూడా సగటులో సగానికి తక్కువే. కాబట్టి ఆ అమ్మాయి అన్నది నిజం. మన పిల్లలు లైట్లు ఆపినంత మాత్రాన ఈ దేశం కాల్చే బొగ్గు తగ్గిపోదు. ఆ మాట చెప్పేవాళ్లు ముందు తమ ఏసీ ఆపుకోవాలి.

"అయితే మేం ఎందుకు తగ్గించుకోవాలి?" అంది.

నేను బొగ్గు సంగతి చెప్పాను. మన రాష్ట్రంలో వాడే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు కాల్చి చేసిందే. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది. అక్కడి నుంచి గనులు కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి, మంచిర్యాల దాకా పాకాయి. ఆ అడవుల్లో, ఆ పక్కల్లో ఉన్న గూడేలు ఎవరివో మనకు తెలుసు. 1966 నుంచి పాల్వంచలో కరెంటు తయారవుతోంది. దానికి నీళ్లు మన కిన్నెరసాని నుంచి. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే మిగులుతుంది. నెలకు వంద యూనిట్లు తగ్గితే 70 కిలోల బొగ్గు కాలకుండా ఉంటుంది. 20 కిలోల పైన బూడిద పడకుండా ఉంటుంది. ఒక గది మిగిల్చేది అంత. ప్రపంచానికి అది లెక్కలోకి రాదు. కానీ ఆ బొగ్గు ఎక్కడిదో, ఆ బూడిద ఎక్కడ పడుతుందో తెలిసినవాళ్లం మనం. హైదరాబాద్‌లో స్విచ్చి వేసే చాలామందికి అది తెలియదు. తెలిసినవాళ్లు వృథా చేయడానికి మనసు ఒప్పుకోకూడదు అని నాకు అనిపిస్తుంది. అది ఇంకొకరు చెప్పాల్సిన పాఠం కాదు.

ఆ అమ్మాయి పూర్తిగా ఒప్పుకున్నట్టు అనిపించలేదు. "సరే ఆంటీ, కానీ చదువుకునే లైటు మాత్రం ఆపం" అంది. "అదే నేను చెప్పేది" అన్నాను.

వృథాకీ అవసరానికీ తేడా నేను పుస్తకంలో నేర్చుకోలేదు. మా నాయనమ్మ పొయ్యి దగ్గర చూశాను. అన్నం కుతకుతమనగానే మండే కట్టెను వెనక్కి లాగి మంట ఆర్పేసేది. మిగిలిన నిప్పుల మీదే అన్నం ఉమ్మగిలేది. ఆ తర్వాత ఆ నిప్పుల మీదే పప్పు. అన్నీ అయ్యాక నిప్పుల్ని బూడిదలో కప్పి పెట్టేది. తెల్లారి ఊదితే రాజుకునేది. పక్కింటివాళ్లు నిప్పుకోసం వస్తే ఇచ్చేది. అడవిలో ఎండిన కట్టె ఉండగా పచ్చి కొమ్మ మీద గొడ్డలి వేసేది కాదు. కొత్తల పండుగ చేయకుండా మా ఇంట్లో ఎవరూ కొత్త గింజ నోట్లో పెట్టరు. అవసరమైనంత తీసుకోవడం, సమయం చూసి తీసుకోవడం. అయితే ఆ పొయ్యి పొగ నాయనమ్మ కళ్లను కూడా తినేసింది. ఆఖరి రోజుల్లో మమ్మల్ని గొంతు విని గుర్తుపట్టేది. అందుకే పాత రోజులకు వెళ్దాం అని మన పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పను. వెలుగూ కావాలి, పొగలేని పొయ్యీ కావాలి. నాయనమ్మ దగ్గర తీసుకోవాల్సింది కట్టె వెనక్కి లాగే ఆ చెయ్యి.

ఆ సాయంత్రం నలుగురూ కూర్చుని చేసుకున్న ఏర్పాట్లు రాస్తాను. మన పిల్లలు చాలామంది ఇలాంటి గదుల్లోనే ఉంటున్నారు కాబట్టి పనికొస్తాయి.

రాడ్‌కి ఫోన్‌లో 15 నిమిషాల అలారం. చలికాలంలో ట్యాంకు నీళ్లు ఒక బకెట్ గోరువెచ్చగా కావడానికి అంతే చాలు. నలుగురూ వరసగా ఒకరి తర్వాత ఒకరు స్నానం చేయాలి, కాగిన నీళ్లు చల్లారి మళ్లీ కాచకుండా. రాడ్ ప్లగ్గు తీసిన తర్వాతే నీళ్లలో చెయ్యి పెట్టాలి. ఇనప బకెట్లో రాడ్ పెట్టకూడదు. ఇది పొదుపు కోసం కాదు, ప్రాణం కోసం. దీంతో 120 యూనిట్లు 45కి వస్తాయి.

పప్పు, బియ్యం ముందే నానబెట్టడం. కుక్కర్‌కి మూత పెట్టి వండడం. ఉడుకు వచ్చాక స్టవ్ మంట తగ్గించడం, దించడానికి రెండు నిమిషాల ముందే ఆపేయడం. ఇది నాయనమ్మ పద్ధతే.

రెండు ట్యూబ్‌లు తీసి 20 వాట్ల ఎల్ఈడీ పట్టీలు పెట్టడం. చదువుకునే చోట రెండు 9 వాట్ల బల్బులు అదనంగా. గది ఖాళీ చేసేటప్పుడు ఇవన్నీ విప్పుకుని తీసుకెళ్లొచ్చు, మనం కొన్నవి కాబట్టి.

దోమలకు ఫ్యాన్ బదులు దోమతెర. ఎండాకాలం వచ్చాక ఎలాగూ ఫ్యాన్ కావాలి. పాత ఫ్యాన్ 75 వాట్లు. ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల లోపే అదే గాలి ఇస్తుంది. ధర ఎక్కువ. ఇప్పుడే కొనలేం. రేపు ఉద్యోగం వచ్చి, ఇల్లు కట్టుకుని, ఫ్యాన్ కొనేటప్పుడు గుర్తుపెట్టుకోండి అన్నాను.

చివరికి ఓనరమ్మ దగ్గరికి వెళ్లాం. నేను మాట్లాడతానన్నాను. మా అమ్మాయి వద్దంది. నోటుబుక్కు పట్టుకుని తనే ముందు నడిచింది. "ఆంటీ, మా గదిలో ఏది ఎంత కాలుతుందో లెక్క వేసుకున్నాం. హీటర్ ఎక్కువ వాడాం, అది మా తప్పే, తగ్గిస్తున్నాం. కానీ మెట్ల లైటు మా మీటరు మీద ఉంది. మీరే వచ్చి చూడండి" అంది. గొంతు కొంచెం వణికింది. ఆగలేదు.

ఓనరమ్మ వచ్చి చూసింది. స్విచ్చి వేయించి, ఆపించి, మళ్లీ వేయించి ఎర్ర దీపం చూసింది. నోటుబుక్కు పేజీలు తిప్పింది. తను అన్న మాటకు క్షమాపణ చెప్పలేదు. యూనిట్ ధరా తగ్గించలేదు. కానీ రెండో రోజు కరెంటు పనివాడిని పిలిపించి మెట్ల లైటు వైరు మార్పించింది. ఆ తర్వాత, "మా మీటరు కూడా ఒకసారి చూడమ్మా, మాకూ బిల్లు ఎక్కువే వస్తోంది" అని మా అమ్మాయిని అడిగిందట.

జనవరి బిల్లు 111 యూనిట్లు. ఫిబ్రవరి 86. డిసెంబరుతో పోలిస్తే 1,100 రూపాయలు తక్కువ. ఏప్రిల్‌లో ఫ్యాన్లు తిరిగాయి, మళ్లీ 108 వచ్చింది. "పెరిగింది అమ్మా" అని మా అమ్మాయి భయంభయంగా చెప్పింది. పెరగనీ అన్నాను. ఎండాకాలం హైదరాబాద్‌లో మేడ మీద గదిలో ఫ్యాన్ వృథా కాదు.

పాల్వంచ పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో కూల్చేశారు. నా చిన్నప్పుడు మంచె మీది నుంచి చూసినవి. మా అమ్మాయి ఆ వీడియో నాకు పంపింది. ఇంత పెద్దవి ఇంత తొందరగా పడిపోయాయే అనిపించింది. వాటి వెనక కొత్త చిమ్నీలు నిలబడే ఉన్నాయి. రేపు ఆ చోట సూర్యుడి కరెంటు వస్తుందో ఇంకేది వస్తుందో. ఏది వచ్చినా దాని కోసం భూమి, నీళ్లు ఎవరో ఒకరు ఇవ్వాలి. ఎవరు ఇస్తున్నారో, ఎవరు వాడుతున్నారో అడగడానికి మన పిల్లలకు లెక్క తెలిసి ఉండాలి.

అందుకే తోటి టీచర్లకు ఒక మాట. లైట్లు ఆపండి అని గోడ మీద రాయించడం నేను మానేశాను. మా బడి మీటరు వరండాలోనే ఉంది. ఇప్పుడు నాలుగు, అయిదు తరగతుల పిల్లలు దాని ముందు నిలబడి మినుకులు లెక్కపెడతారు. బోరు మోటారు వేసినప్పుడు ఎన్ని, ఫ్యాన్ వేసినప్పుడు ఎన్ని, బల్బు వేసినప్పుడు ఎన్ని. గుణకారం, భాగహారం అక్కడే అయిపోతున్నాయి. ట్యాంకు నిండి పొర్లుతుంటే మోటారు ఆపడానికి ఇప్పుడు నలుగురు పరిగెత్తుతారు. తరగతి గదిలో చీకటిగా ఉంటే లైటు వేయడానికి మాత్రం ఎవరూ జంకరు.

పట్నంలో చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా ఒక మాట. కరెంటు ఎరగనివాళ్లని ఎవరైనా మిమ్మల్ని అంటే, మెట్ల మీదికి వెళ్లి కూర్చోకండి. మీటరు దగ్గరికి వెళ్లండి. నోటుబుక్కు పట్టుకెళ్లండి.

మొన్న దసరా సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మాయి పొద్దున్నే పెరట్లో నీళ్ల పొయ్యి ముందు కూర్చుంది. నీళ్లు కాగాయి. తను ఏదో ఆలోచిస్తూనే చెయ్యి చాచి కట్టెను వెనక్కి లాగింది. నాయనమ్మను తను ఎప్పుడూ చూడలేదు.